జంటఫోటోలో సహజత్వం ఎవరిది?

మన పత్రికల్లో వాస్తవికతను గురించి చర్చ వచ్చినప్పుడల్లా కథనూ, నవలనూ, నాటకాన్నీ ముందు పెట్టుకుంటాం. మహా అయితే సినిమాను కూడా కలుపుకుంటాం. కాని ఒక్క నవల కూడా లేని ఇంట్లో సైతం గోడమీద ఒక జంటఫోటో ఉంటుంది. ఆ ఇంట్లో భార్యాభర్తల సంబంధం ఎలా ఉన్నదో, ఎలా ఉండాలని వాళ్ళు అనుకుంటున్నారో, లోకానికి ఎలా కనబడాలని కోరుకుంటున్నారో - ఈ మూడూ ఆ ఒక్క చట్రంలో కలిసిపోయి ఉంటాయి. ఇంత అర్థం ఇముడ్చుకున్న వస్తువును విమర్శకులు ఫోటోగ్రాఫర్లకు వదిలేసి ఊరుకోవడం సమంజసం కాదు.

ఈ వ్యాసానికి తక్షణ కారణం ఒక మాట. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా ఏ బజారులోనైనా ఫోటోస్టూడియో బోర్డు చూడండి. "క్యాండిడ్" అన్న మాట తరచుగా కనిపిస్తుంది. పోజు పెట్టకుండా, ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా దొరికిన క్షణం అని దాని భావం. పెళ్ళికి ముందు వధూవరులను ఏ కోటకో, ఏ గుడికో తీసుకుపోయి ఇటువంటి ఫోటోలు తీయించడం కొన్నేళ్ళుగా లగ్నపత్రిక అంతటి ఆచారమై కూర్చున్నది. నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. నా దగ్గర చదువుకొని ఈ వృత్తిలోకి పోయిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళ వెంట కొన్నిచోట్లకు పోయి చూశాను. చూసినకొద్దీ నాకు ఒక ప్రశ్న బలపడింది: ఈ సహజత్వం ఎవరిది? తీసేవాడిదా, తీయించుకొనేవాళ్ళదా, డబ్బిచ్చేవాళ్ళదా?

ముందు పాత ఫోటో సంగతి చూద్దాం. మా అమ్మానాన్నల పెళ్ళిఫోటో 1980లలో హిందూపురంలో ఒక స్టూడియోలో తీసింది. నాన్న కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ పక్కన నిలబడి ఉన్నది. వెనక తెరమీద ఒక సరస్సు, రెండు హంసలు, మా సీమలో ఎవరూ ఎన్నడూ చూడని చెట్లు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఇద్దరికీ తెలిసినట్టు లేదు. ఇద్దరూ కెమేరాను చూస్తున్నారు గాని ఒకరినొకరు చూసుకోవడం లేదు. "ఫోటో ఆయప్ప ఊపిరి బిగబట్టమన్నాడు, బిగబట్టినాం" అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఊపిరి బిగబట్టడానికి ఒకప్పుడు సాంకేతిక కారణం ఉండేది. 1839లో డాగెర్ తన పద్ధతిని లోకానికి వెల్లడించిన తొలిరోజుల్లో ఒక బొమ్మ పడటానికి నిమిషాల కాలం పట్టేది. మనిషి కదిలితే బొమ్మ చెదిరిపోయేది గనక తలకు వెనకనుంచి ఇనుప ఊత పెట్టేవారు. అయితే ఆ శతాబ్దం ముగియకముందే జిలాటిన్ పలకలు వచ్చి, సెకనులో చిన్న భాగంలోనే బొమ్మ పట్టడం సాధ్యమైంది. 1925లో లైకా కెమేరా బజారులోకి వచ్చి, మనిషి జేబులో పట్టే యంత్రంతో వీధిలో నడుస్తూ ఫోటో తీయవచ్చునని రుజువు చేసింది. అటు తర్వాత అరవై ఏళ్ళు గడిచినా మా అమ్మానాన్నలు ఊపిరి బిగబట్టి నిలబడ్డారంటే దానికి కారణం కెమేరాలో లేదు. బయట ఉన్నది.

తిరుమల గుడిలో శ్రీకృష్ణదేవరాయలు తన ఇద్దరు దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవులతో నిలబడిన లోహవిగ్రహాలున్నాయి. మనవాళ్ళ దంపతిమూర్తుల్లో అంత ప్రసిద్ధమైనవి మరికొన్ని మాత్రమే ఉంటాయి. ముగ్గురూ చేతులు జోడించి ఉన్నారు. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోవడం కాక, ఇద్దరూ కలిసి తమకంటె పైదాన్ని దేన్నో చూడటం అక్కడి భంగిమ. రాయలవారు చూసింది దేవుణ్ణి. మా నాన్న చూసింది కెమేరాను. కాని ఆ కెమేరా వెనక తాత, మేనమామలు, కులపెద్దలు, రేపు ఫోటో చూడబోయే చుట్టపక్కాలు అందరూ నిలబడే ఉన్నారు. పెద్దవాళ్ళ ఎదుట మొగుడితో మాట్లాడటమే తప్పయిన కుటుంబంలో, మొగుడి పేరు నోటితో పలకని ఆచారంలో, పరాయివాడొకడి ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడటమే పెద్ద సాహసం.

కెమేరా ఈ వ్యవస్థను పగలగొట్టుకుంటూ రాలేదు. దానికి ఒదిగిపోతూ వచ్చింది. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీనదయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీలకోసం ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతికి అప్పగించాడు. యంత్రం కొత్తది, పరదా పాతదే. కొత్త యంత్రం పాత పరదా లోపలికి పోయి తన పని తాను చేసుకున్నది.

ఇంతమాత్రాన పాత ఫోటోను చూసి నవ్వడం నాకు ఇష్టం లేదు. అది ప్రేమను చూపించడానికి తీసింది కాదు. ఫలానా ఇద్దరికి పెళ్ళయిందని చెప్పే దస్తావేజు అది. దస్తావేజు విలువ ఎంతటిదో కులాంతర వివాహాలు చేసుకొన్నవాళ్ళను అడిగితే తెలుస్తుంది. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టం కింద ముప్ఫై రోజుల నోటీసు గడిచేదాకా భయంభయంగా తిరిగి, రిజిస్ట్రారు కచేరీలో ఇవ్వడానికి సందులోని ఏ స్టూడియోలోనో తీయించుకొన్న జంటఫోటోను నేను చూశాను. వాళ్ళు మా కళాశాల పిల్లలే. సున్నం కొట్టిన గోడ, రెండు ముఖాలు. ఒకరి భుజం ఒకరికి తగులుతున్నది, అంతే. నవ్వమని ఎవరూ చెప్పలేదు. ఆ బిగుసుకుపోయిన ఫోటోయే వాళ్ళకు కవచం. ఏ పోలీసు స్టేషనులో నిలబెట్టినా అదే సాక్ష్యం. కనుక పోజు పెట్టిన ఫోటో అంతా అబద్ధం, పెట్టనిదంతా నిజం అన్న లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఇక కొత్త ఫోటో సంగతి. పోయిన మాఘమాసపు ముహూర్తాలకు ముందు నా పాత విద్యార్థి ఒకడు తన పని చూడటానికి రమ్మని పిలిచాడు. స్థలం పెనుకొండ. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయిన తర్వాత తిరుమలరాయలు విజయనగర రాజ్యపు రాజధానిని ఇక్కడికే మార్చాడు. గగన్‌మహల్ ఇంకా నిలబడి ఉన్నది. ఆ కమానులు వెనకగా పడేటట్టు జంటను నిలబెడితే ఫోటోకు రాచఠీవి వస్తుందని ఈ వృత్తిలోవారి నమ్మకం. మా అమ్మ వెనక ఉన్న హంసల తెరకూ, ఈ కమానులకూ పనిలో భేదం లేదు. తెరకు బదులు రాయి వచ్చింది.

ఆనాటి వరుడు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసి ఇచ్చే ఒక కంపెనీలో పనివాడు. 2019లో ఆ ఫ్యాక్టరీలో కార్లు తయారుకావడం మొదలైన తర్వాత మా పల్లెల పిల్లలు చాలామంది షిఫ్టుల లెక్కన బతకడం నేర్చుకొన్నారు. వధువు హిందూపురంలో నర్సు. కుర్రవాడు రాత్రి షిఫ్టు దిగి నిద్రలేకుండా నేరుగా వచ్చాడు. అంతకుముందు ఆ ఇద్దరూ కలుసుకొన్నది రెండే రెండుసార్లు, అదీ పెద్దవాళ్ళ ముందు. ఆ పిల్లకు తోడుగా తమ్ముడూ, మేనత్తా వచ్చారు.

నా విద్యార్థి సెల్‌ఫోనులో ఒక జాబితా ఉన్నది. నలభై భంగిమలు. ఆయన నడుస్తూ వెనక్కి తిరిగి చూడాలి. ఆమె నవ్వి తల వంచుకోవాలి. ఆయన ఆమె చెవిలో ఏదో చెప్పాలి. అందులో సగం సినిమాపాటల్లో నుంచి దించినవి. పదినిమిషాలకొకసారి "న్యాచురల్‌గా ఉండండి" అన్న హెచ్చరిక. చెవిలో చెప్పే భంగిమ వచ్చేటప్పటికి ఆ కుర్రవాడు, "ఏం చెప్పల్ల అన్నా?" అని అడిగాడు. "ఏదో ఒగటి చెప్పప్పా. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టినా చాలు" అన్నాడు మావాడు. అతను నిజంగానే లెక్కపెట్టాడు. ఏడు దగ్గర ఆ పిల్లకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు ఫోటోలో పడింది. చూసినవాళ్ళు అతనేదో ప్రియమైన మాట చెప్పాడనుకుంటారు.

కాసేపటికి కెమేరా బ్యాటరీ మార్చవలసి వచ్చింది. ఎండ ముదిరింది. కుర్రవాడు మెట్టుమీద కూలబడి కళ్ళు మూసుకొన్నాడు. ఆ పిల్ల తమ్ముడి చేతిలోని నీళ్ళసీసా తీసుకొనిపోయి అతనికి ఇచ్చింది.

"డ్యూటీ ఎన్ని గంటలకు దిగినారు?"

"ఆరింటికి."

"ఏమన్నా తిన్నారా?"

"లేదు."

ఆమె మేనత్త వైపు తిరిగి, "అత్తా, ఈ పొద్దుకు ఇంగ చాలని చెప్పు" అన్నది. నర్సు గనక నిద్రలేని ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఒక మనిషి మరొక మనిషిని మొదటిసారి తనవాడుగా చూసుకోవడం ఆ నిమిషంలో జరిగింది. కెమేరా అప్పుడు సంచిలో ఉన్నది.

తిరిగివస్తూ, దాన్ని ఎందుకు తీయలేదని మావాణ్ణి అడిగాను. "అది ఫోటో కాదు సార్. అతను అలసిపోయినట్టు కనపడతాడు. కొంగు ఎనక్కి పోయింది, చీర కనపడదు. వాళ్ళు దుడ్లిచ్చేది చీర కనపడేకే" అన్నాడు. ఆ మాటలో అన్యాయం లేదు. అతను అప్పుచేసి కెమేరా కొన్నాడు. నెలనెలా కంతులు కట్టుకోవాలి. పెళ్ళివాళ్ళు ఆ చీరకోసం అప్పుచేశారు. ఇద్దరు అప్పులవాళ్ళ మధ్య సహజత్వం కూడా ఒక సరుకై, దానికీ ఒక నమూనా ఏర్పడింది. పాతకాలపు ఫోటోగ్రాఫరు "కదలవద్దు" అన్నాడు. కొత్తకాలపు ఫోటోగ్రాఫరు "సహజంగా కదలండి" అంటున్నాడు. ఆజ్ఞ మాత్రం ఆజ్ఞగానే ఉన్నది.

అయితే, ఫోటోగ్రాఫరు ఏమీ చెప్పకుండా, ఎవరికీ తెలియకుండా చాటునుంచి తీస్తే సమస్య తీరిపోతుందా? ఈ విషయంలో ప్రపంచ ప్రఖ్యాతమైన రెండు ఫోటోలు మనకు పాఠం చెబుతాయి. మొదటిది ఫ్రెంచి ఫోటోగ్రాఫరు రొబేర్ ద్వానో 1950లో పారిస్ నగర కార్యాలయం దగ్గర తీసిన ముద్దు ఫోటో. "లైఫ్" పత్రికలో అచ్చయిన ఆ ఫోటోను పారిస్ వీధిలో అనుకోకుండా దొరికిన ప్రేమక్షణమని దశాబ్దాలపాటు జనం నమ్మారు. ఆ జంట మేమేనని వేరే దంపతులు వ్యాజ్యం వేసేటప్పటికి 1990లలో ద్వానో అసలు సంగతి బయటపెట్టవలసి వచ్చింది. ఆ ఇద్దరూ నాటకకళ నేర్చుకుంటున్న విద్యార్థులు, నిజంగానే ప్రేమికులు. వాళ్ళు ముద్దుపెట్టుకుంటుంటే చూసి, కెమేరాకోసం మళ్ళీ చేయమని ఆయన అడిగాడు. వాళ్ళు ఒప్పుకొన్నారు.

రెండోది 1945 ఆగస్టు 14న, జపాను లొంగిపోయిందన్న వార్తకు న్యూయార్కు టైమ్స్ స్క్వేరులో జనం పండుగ చేసుకుంటున్నప్పుడు ఐసెన్‌స్టాట్ తీసింది. ఒక నావికుడు తెల్లదుస్తుల్లో ఉన్న ఒక యువతిని వెనక్కు వంచి ముద్దుపెట్టుకుంటున్నాడు. ఇందులో పోజు ఏమాత్రం లేదు. అంతా అప్పటికప్పుడు జరిగిందే. అందుకనే దాన్ని సహజత్వానికి పరమోదాహరణగా చెప్పుకున్నారు. కాని ఆ యువతిగా చాలామంది అంగీకరించిన గ్రెటా ఫ్రీడ్మన్ చాలా ఏళ్ళ తర్వాత ఏమి చెప్పింది? ఆ ముద్దు తన ఇష్టంతో జరిగింది కాదన్నది. అతనెవరో ముక్కూముఖమూ తెలియని మనిషి, వచ్చి పట్టుకొన్నాడన్నది.

ఒకటి పోజు; అయినా అందులో ప్రేమ నిజం, అంగీకారం నిజం. రెండోది పోజు కాదు. అయినా అందులో ఒకరి సంతోషమే ఉన్నది, రెండోవారి మీద జరిగింది బలవంతం. కనుక దర్శకత్వం ఉన్నదా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఫోటోలో ఉన్న ఇద్దరికీ "వద్దు" అనే స్వేచ్ఛ ఉన్నదా అన్నది అసలు ప్రశ్న. ఆ స్వేచ్ఛ ఉన్నచోట అడిగి తీసినా సహజమే. అది లేనిచోట అడగకుండా తీసింది దొంగతనం. కార్టియే-బ్రెసోఁ 1952లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథానికి ఇంగ్లీషులో "నిర్ణాయక క్షణం" అన్న గంభీరమైన పేరు వచ్చింది గాని, ఫ్రెంచి పేరులో మాత్రం హడావుడిగా, చాటుమాటుగా పట్టిన బొమ్మలన్న ధ్వని ఉన్నది. వృత్తి రహస్యాన్ని ఫ్రెంచి పేరే నిజాయితీగా చెప్పిందనుకుంటాను.

ఇది పారిస్, న్యూయార్కుల సమస్య మాత్రమే కాదు. నా దగ్గర చదువుకొన్న ఒక అమ్మాయి పెళ్ళికి ముందు లేపాక్షిలో ఫోటోలు తీయించుకొన్నది. అక్కడి కళ్యాణమండపం పదహారో శతాబ్దంలో పూర్తికాకుండా ఆగిపోయింది. పార్వతీపరమేశ్వరుల పెళ్ళికి వచ్చిన దేవతలూ, మునులూ స్తంభాల మీద ఇప్పటికీ నిలబడే ఉన్నారు. ఆ అతిథుల మధ్య కాబోయే భర్త ఏదో అన్న మాటకు ఆమె తల వెనక్కు వేసి నోరారా నవ్వింది. అది ఎవరూ చెప్పి చేయించిన నవ్వు కాదు. ఫోటో చాలా బాగా వచ్చింది. బాగా వచ్చింది గనకనే, తీసినవాళ్ళు ఆమెను అడగకుండా దాన్ని తమ ప్రకటనగా ఊరూరా సెల్‌ఫోనులకు ఎక్కించారు. అత్తవారింట అడుగుపెట్టిన నెలలోపల, "వీధిలో అంత పండ్లు కనపడేట్టు నవ్వుతారా?" అన్న మాట ఆమె పడవలసి వచ్చింది. ఆ నవ్వు ఆమెది. పేరు స్టూడియోకు వచ్చింది. శిక్ష మళ్ళీ ఆమెకే పడింది. అదే ఫోటోలో ఆమెను నవ్వించిన మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. సహజంగా ఉండటానికి మగవాడు చెల్లించే వెలా, ఆడది చెల్లించే వెలా ఒకటి కాదు. ఇది తెలియని ఫోటోగ్రాఫరుకు వెలుతురు ఎంత తెలిసినా చాలదు.

సాహిత్యంలో మనం ఈ భేదాన్ని ఎప్పుడో గుర్తించాం. ప్రబంధకవికి ఋతువర్ణన, చంద్రోదయం, ఉద్యానవనం ముందే సిద్ధంగా ఉన్నాయి. నాయికానాయకులను తెచ్చి వాటి ముందు నిలబెడతాడు. గొప్ప ప్రబంధాల్లో ఆ తెర చించుకొని మనుషులు బయటికి వస్తారు. సామాన్యమైనవాటిలో తెరే మిగులుతుంది. దీనికి పూర్తిగా భిన్నమైనది హాలుడి పేర ప్రాకృతంలో మనకు దక్కిన గాథాసప్తశతి. అందులోని దంపతులు చాలామంది పల్లెటూరివాళ్ళు. చేను, వంటిల్లు, ప్రయాణం, వాన - వీటి మధ్యనే వాళ్ళ వలపూ, అలకా, అనుమానమూ కనిపిస్తాయి. వాళ్ళను ఎవరూ తెర ముందుకు పిలవలేదు. పనిలో ఉండగానే ఒకరు మరొకరి వైపు తిరుగుతారు.

1936లో లుకాచ్ వర్ణనకూ, కథనానికీ ఉన్న తేడాను వివరించినప్పుడు సహజవాదం మీద చేసిన విమర్శ ఇక్కడ పనికివస్తుంది. కంటికి తగిలిన వివరమల్లా పోగుచేసినంత మాత్రాన వాస్తవం కాదు. మనుషుల మధ్య సంబంధం కదిలినప్పుడే వివరానికి ప్రాణం వస్తుంది. గాలికి జుట్టు ఎగరడం, ఎండకు కళ్ళు చికిలించడం - ఇవి ఆకస్మికాలు. ఎన్ని దొరికినా ఏమీ చెప్పవు. నీళ్ళసీసా చేయి మారడం కూడా చిన్నదే. కాని దానిలో రాత్రి షిఫ్టు ఉన్నది, నర్సు వృత్తి ఉన్నది, పెద్దవాళ్ళు కుదిర్చిన పెళ్ళిలో తమకంటూ చోటు వెతుక్కునే ఇద్దరు పిల్లలున్నారు. ఆకస్మికాన్నీ, జీవితసత్యాన్నీ వేరుచేసి చూడగలిగినవాడే మంచి ఫోటోగ్రాఫరు అవుతాడు.

ఆనాడు పెనుకొండలో కనబడవలసిన ఆ చీర ధర్మవరంలో నేసింది. దాన్ని నేసినవాళ్ళు కూడా దంపతులే అయివుంటారు గదా అన్న ఆలోచనతో, మా కళాశాల గోడపత్రికకోసం ఒక నేతజంటను ఫోటో తీద్దామని ఆ విద్యార్థినే వెంటబెట్టుకొని ధర్మవరం పోయాను. హిందూపురం మార్కెట్టులో పట్టుగూళ్ళు, ధర్మవరంలో మగ్గాలు, పెనుకొండ కోటలో పెళ్ళిఫోటోలు - మా జిల్లాలో పట్టు నడిచే దారి ఇది.

మాకు ఇల్లు చూపించినాయన గుంటమగ్గంలో కూర్చుని ఉన్నాడు. ఒంటి రంగు ఒకటి, అంచు రంగు ఒకటిగా నేసే చీర అది. అటువంటి చీరకు మూడు నాడెలు నడవాలి. ఒక్కడి చేతులు చాలవు. అందుకని అంచు వైపు నాడె అందిస్తూ ఆయన భార్య పక్కనే కూర్చున్నది. ఆ పని లేనప్పుడు ఆమె కండెలు చుడుతుంది. తెగిన పోగులు అతుకుతుంది. కూలి మాత్రం చీర లెక్కన ఒక్కరి పేరనే వస్తుంది. 2019-20 నాటి చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్ళు 35 లక్షల పైచిలుకు. అందులో 25 లక్షల పైచిలుకు స్త్రీలు. అయినా "నేతగాడు" అన్న మాటకు మన మనసులో వచ్చే బొమ్మ మగవాడిదే.

ఆ ఇద్దరి చేతులూ మాట లేకుండా నడుస్తున్నాయి. ఆయన కాలు తొక్కడం, ఈమె నాడె వదలడం ఒక్కటిగా జరుగుతున్నది. ఒకరినొకరు చూసుకోవలసిన అవసరమే లేదు. దంపతుల సహజమైన ఫోటో అంటే ఇంతకంటె ఏం కావాలి? మావాడు కెమేరా ఎత్తాడు. వెంటనే ఆమె చేయి అడ్డం పెట్టింది.

"వద్దు నాయనా. పనిలో వద్దు. పేపర్లోళ్ళు వచ్చినప్పుడల్లా మగ్గంలోనే తీస్తారు. మగ్గం లేకుండా మేం మనుషులం కామా? ఉండండి, చీర మార్చుకొని వస్తా."

ఈ మాటను అభ్యుదయవాదులమైన మనం శ్రద్ధగా వినాలి. బీదవాళ్ళను పనిముట్టు చేతబట్టుకొని ఉండగా చూడటం మనకు అలవాటు. శ్రమను గౌరవిస్తున్నామనుకుంటాం. ఆమె దృష్టిలో మగ్గం గౌరవచిహ్నం కాదు. పొద్దున్నుంచీ వదలని పని. ఆ పని నుంచి ఒక్క పది నిమిషాలు బయటపడి, ఉతికిన బట్ట కట్టుకొని, భర్తపక్కన నిలబడి, తాను ఎలా కనబడాలనుకుంటుందో అలా కనబడటం ఆమె కోరిక. కోటలో డబ్బున్న జంట చేసేది నటన అని వెక్కిరించే మనం, ఈమె పోజును కూడా అదే లెక్కలో కొట్టివేయగలమా? ఒకరికి అది విలాసం. మరొకరికి అది హక్కు.

ఆమె తన పెళ్ళినాటి చీర కట్టుకొని వచ్చింది. ఆయన చొక్కా తొడుక్కొన్నాడు. ఇంటి ముందు వేపచెట్టు కింద ఇద్దరూ నిటారుగా, మా అమ్మానాన్నల మాదిరిగానే నిలబడ్డారు. మావాడు ఈసారి జాబితా తీయలేదు. "మీకు ఎట్ల కావల్నంటే అట్ల నిలబడండక్కా" అన్నాడు. తీశాడు. తర్వాత వెళ్ళిపోవడానికి తొందరపడకుండా మాటల్లో పడ్డాడు - నూలు ధర, పిల్లల చదువు, వానలు. మాటల మధ్య ఆమె భర్త భుజం మీద అంటుకొని ఉన్న పట్టుపోగును రెండు వేళ్ళతో తీసి, ఎంత ఉన్నదో వెలుతురులో చూసి, పారేయకుండా కొంగున ముడివేసుకొన్నది. ఆయన, "దాన్నీ దాస్తావా?" అని నవ్వాడు. మావాడు అదీ తీశాడు, తీసి వెంటనే చూపించి, "ఇది ఉంచల్నా, తీసేయల్నా?" అని ఆమెనే అడిగాడు.

ఆమె చాలాసేపు చూసింది. "ఉంచు. కాని మీ పేపరుకు వద్దు. మాకు పంపు చాలు" అన్నది. గోడపత్రికలో నిటారుగా నిలబడిన ఫోటోయే వేశాం. గోడమీద కట్టించుకొన్నదీ వాళ్ళు అదే. రెండోది ఆమె సెల్‌ఫోనులో ఉన్నదట. తమకు నచ్చిన ఫోటోను దాచుకోవడం, పనికివచ్చే ఫోటోను పదిమందికీ చూపించడం - ఈ వివేకం ఏ పాఠశాలలోనూ చదవకుండానే ఆమెకు ఉన్నది. సహజత్వం ఎవరిది అన్న నా ప్రశ్నకు జవాబు నాకు ఆ ఇంట్లో దొరికింది. అది ఫోటోలో ఉన్నవాళ్ళది. పట్టుకొన్నంత మాత్రాన అది తీసినవాడిది కాజాలదు.

ఈ వృత్తిలో ఉన్న నా విద్యార్థులకు నేను చెప్పేది మూడే మాటలు. కెమేరా బయటికి తీయకముందు అరగంట ఆ ఇద్దరితో కూర్చోండి; ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వండి. తీసినవాటిలో ఏవి ఉంచాలో, ఏవి ఎవరికి చూపించకూడదో ముఖ్యంగా ఆడపిల్లను, వీలైతే పెద్దవాళ్ళు పక్కన లేనప్పుడు, అడగండి. ఆమె రాసి ఇవ్వనిదే ఆమె ముఖాన్ని మీ అంగడికి బోర్డు చేయవద్దు. ఈ మూడింటికీ ఖర్చు లేదు. పెనుకొండకు నన్ను పిలిచిన కుర్రవాడు మొదటి రెండూ పాటిస్తున్నాడు. మూడోది పాటిస్తే వ్యాపారం ఎలా నడుస్తుందని ఇంకా నాతో వాదిస్తూనే ఉన్నాడు. వాదించనీ, ఆలోచిస్తున్నాడన్నమాట.

ఇక ఫోటోగ్రాఫరు చేతిలో లేనిది ఒకటి ఉన్నది. అది తీరిక. రాత్రి షిఫ్టు దిగివచ్చినవాడికీ, పొద్దు పొడవకముందే మగ్గంలోకి దిగేవాళ్ళకూ ఒకరి ముఖం ఒకరు చూసుకొనే సమయం ఎంత మిగులుతున్నది? 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల నిద్ర, మిగిలిన ఎనిమిది గంటలు మా ఇష్టం అని అడిగినప్పుడు, ఆ మూడో ఎనిమిది గంటల్లో భార్యాభర్తలు ఊరికే కూర్చుని మాట్లాడుకోవడం కూడా ఉన్నది. ఆ గంటలు నేతజంటకు ఇంకా రాలేదు. ఫ్యాక్టరీ కుర్రవాడికి వచ్చినట్టే వచ్చి షిఫ్టుల్లో చెదిరిపోతున్నాయి. వాటిని సంపాదించే పని కెమేరాది కాదు, మనందరిది. అంతదాకా ఫోటోగ్రాఫరు చేయగలిగింది, ఆ కాస్త వ్యవధిని తన జాబితాతో నింపకుండా ఉండటం.